కడుపులో చెవులు

కొర్రుబెదో ఇసుకలో దొరికింది, తెల్లారి ఐదింటికి.
ఆలుచిప్పలు తవ్వే ఆడవాళ్లు ఫోన్ చేశారు.
"ఇంకా వెచ్చగానే ఉంది, రా."
చచ్చినదాని చెవికి గడువు తక్కువ.
మిగతా ఒళ్లు రేపటిదాకా ఆగుతుంది,
చెవి మధ్యాహ్నందాకా ఆగితే గొప్ప.

వానలో మోకాళ్ల మీద కూర్చుని కత్తి దించాను.
బయట చెవి కోసం వెతక్కండి.
కంటి వెనక గుండుసూది గుచ్చినంత చిల్లు,
అదీ గులిమితో పూడుకుపోయి.
డాల్ఫిన్ దవడతో వింటుంది.
కింది దవడ బోలు, అందులో కొవ్వు,
చలికి పేరిన నెయ్యిలా.
సముద్రం అటునుంచే లోపలికొస్తుంది.

చెవి ఎముకను పుర్రెకు ఎవరూ బిగించలేదు.
నురగలాంటి గాలి అరల నడుమ
నాలుగు నారలతో వేలాడుతుంది,
ఎడమ చెవి విన్నది కుడి చెవికి అంటకుండా.
పిడికిట్లో ఇమిడిపోతుంది గానీ ఎంత బరువో.
గులకరాయనుకుని ఇక్కడి పిల్లలు అలల్లోకి విసిరేస్తారు.

లోపల శంఖం.
రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది.
నా చెవిలోది ఇంకో అర చుట్టు ఎక్కువే,
కానీ దాని నరం ముందు నాది నూలుపోగు.
ఒళ్లు ఎటు వాలిందో చెప్పే మూడు వంపు గొట్టాలు మాత్రం
నావాటికన్నా చిన్నవి.
రోజంతా గిరికీలు కొట్టేదానికి ఇంత చిన్నవేమిటని
చేరిన కొత్తలో అడిగాను.
మా ప్రొఫెసర్ భుజాలెగరేసింది.
ఇప్పుడు నన్నెవరైనా అడిగితే నేనూ అంతే.

చెవికి రెండు కిటికీలు. ఒకటి గుండ్రం, ఒకటి కోలగా.
వాటి పొరల్లోంచి ఫార్మలిన్ ఎక్కించాను, నెమ్మదిగా,
పసిదాని ముక్కులో చుక్కలు వేసినట్టు.

తర్వాత కడుపు కోశాం.
చేపలు అరిగిపోయాయి, వాటి చెవిరాళ్లు అరగలేదు.
బియ్యంలో మెరికలు ఏరినట్టు ఏరింది ఎర్మితాస్.
అరవై రెండు. అంటే ముప్ఫై ఒక్క చేపలు.
"పొట్ట నిండా చెవులే," అంది, చేతులు తుడుచుకుంటూ.

ఆరు వారాలు ఎముకను కరగనిచ్చి
శంఖం విప్పి మైక్రోస్కోప్ కింద పెట్టాను.
కొస చుట్టు పచ్చగా ఉంది. లోపల ఒక వరుస, బయట మూడు,
నిన్ననే నాట్లు వేసినట్టు.
అడుగు చుట్టుకి, సన్నని స్వరాలు దిగే చోటికి వచ్చేసరికి
మడి ఖాళీ.
పక్క కణాలు జరిగి, సందు పూడ్చి, మచ్చ కట్టాయి.
చచ్చాక మచ్చ కట్టదు.
ఎన్నాళ్లుగానో చెవుడు దీనికి.

చెవిటివాడి ముందు శంఖం, అంటారు.
శంఖానికే చెవుడొస్తే?

చీకటి నీళ్లలో నీ కేక నీకు తిరిగొస్తేనే కదా నీకు తిండి.
మరి ముప్ఫై ఒక్క చేపలు?
ఎవరు తోలారు నీ మూతి ముందుకు?
ఎవరి డొక్కకు ఆనుకుని ఈదావు ఇన్నాళ్లూ?
రిపోర్టులో ఆ గడి లేదు.
ఆహారం: పుష్కలం, అని రాశాను.

మా నాన్న దెల్మీరో, వీగో ఓడల కార్ఖానాలో
ముప్ఫై నాలుగేళ్లు గాలిసుత్తి పట్టాడు.
ముందు పిట్టలు పోయాయి,
తర్వాత స, శ,
తర్వాత నేను.
అమ్మ ఉన్నన్నాళ్లూ ఆయన ఎడమ పక్కనే నడిచేది,
మోచేత్తో పొడిచి చెప్పేది:
బస్సు. మెట్టు. ఎవరో నమస్కారం పెడుతున్నారు, చూడు.
మేం నవ్వేవాళ్లం, ఇద్దర్నీ కుట్టేశారా అని.

ఆ రాత్రి ఇంటికెళ్లేసరికి చేప వేయిస్తున్నాడు.
నూనె చిటపట వినపడక మంట పెద్దది పెట్టి.
వెనకనుంచి పిలవలేదు.
వెళ్లి ఎడమ పక్కన నిలబడ్డాను,
భుజం తగిలేటంత దగ్గరగా.
తల తిప్పకుండానే
మంట తగ్గించి
ప్లేటు ఇటు జరిపాడు.